కల్లానికి వచ్చే గాలి

మాలకొండమ్మ దొడ్లో పేడనీళ్లు చల్లుతూ చల్లుతూ ఆగిపోయింది. కల్లానికి అవతల, తూర్పు దిక్కున, ఇటుకల బండి వచ్చి ఆగింది. దాని వెనకే ఇంకా బండ్ల వరస. బండివాళ్లు ఇటుకలు చేతులు మార్చుకుంటూ దించుతుంటే, పక్కనే నెత్తిన కొంగు కప్పుకుని నిలబడి రాఘవమ్మ ఒక్కో ఇటుకనూ వేలి కణుపుతో కొట్టి చూస్తోంది. బాగా కాలిన ఇటుక చిన్న గంటలాగా మోగుతుంది. ఆ మోత కల్లం దాటి, దొడ్డి దడి దాటి వచ్చి మాలకొండమ్మ చెవిలో పడింది.

రాఘవమ్మ ఆమెకు తోడికోడలు. మాలకొండమ్మ పెనిమిటి పద్మనాభయ్య పెద్దవాడు, రాఘవమ్మ పెనిమిటి చెంచురామయ్య చిన్నవాడు. ఎవరి పొయ్యి వాళ్లదే. ఊరి పేరు వేపదిన్నె. తోటపల్లి గూడూరు నుంచి తూర్పుగా వస్తే, సముద్రం హోరు వినపడడం మొదలయ్యే చోట ఉంటుంది. ఊరికి తూర్పు అంచున ఉమ్మడి కల్లం. కల్లానికి పడమట మాలకొండమ్మ దొడ్డి, దొడ్డి వెనక ఆమె పెంకుటిల్లు. కల్లానికి తూర్పున రాఘవమ్మ వాళ్ల వాటాకు వచ్చిన ఖాళీ జాగా. ఆ జాగాలోనే ఇప్పుడు మిద్దె లేస్తుందట. మిద్దె మీద ఒక గది కూడానట.

ఆ మాట ముందు అన్నది తాను. ఒకనాడు కాలవ దగ్గర బట్టలు ఉతుక్కుంటూ, “నా దొడ్లో మిద్దె ఏసి, మిద్దె మింద ఒక గది కట్టుకోవాలమ్మే, సముద్రం కనపడేట్టు,” అని తాను అంటే, రాఘవమ్మ చీర పిండుతూ నవ్వింది. నవ్వి ఊరుకుందనుకుంది మాలకొండమ్మ. ఊరుకోలేదు. మాటను కొంగున ముడేసుకుని పోయింది.

ఆ దొడ్డి మాలకొండమ్మ సొంతం. పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం చెక్క అమ్మి తన పేరున కొనుక్కుంది. అందులో ఇప్పటికి లేచింది రెండు మునగచెట్లూ, ఒక గేదెల పాకా.

“నా నోట్లో మాట గూడా నాకు మిగలనియ్యదు ఇది,” అనుకుని, చెంబులో మిగిలిన నీళ్లు ఒకే చోట కుమ్మరించింది.

మధ్యాహ్నం రాఘవమ్మే వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నె మీద విస్తరాకు. తొలి మామిడికాయ వేసి కాచిన చేపల పులుసు వాసన ఆమెకంటే ముందే వంటింట్లోకి వచ్చింది.

“బావకి ఇష్టం గదా అని తెచ్చినానక్కా.”

“ఆడ పెట్టు.”

రాఘవమ్మ గిన్నె దించి, పోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చేతుల నిండా ఇటుక దుమ్ము. అది తుడుచుకోను కూడా లేదు. ఆ ఎర్రదనం గోరింటాకులాగా కనిపించింది మాలకొండమ్మకి.

“రేపు పంచాయతీలో మా అర్జీ పెడతారంట. నువ్వుండావు గదా, నాకేం దిగులు?”

“నేనుంటే ఏంది? చెయ్యెత్తమంటే ఎత్తేదాన్ని.”

“ఆ చెయ్యే గదక్కా మాకు కావాల్సింది.” రాఘవమ్మ గొంతు తగ్గించింది. “మేస్త్రికి చెప్పినా, పైకి మెట్లు బయట్నుంచే పెట్టమని. నీకు బుద్ధి పుట్టినప్పుడు ఎవుర్నీ అడక్కుండా ఎక్కి సముద్రం చూసుకోవచ్చు. ఆ పొద్దు కాలవ కాడ నువ్వే గదా అన్నింది.”

మరిచిపోలేదన్నమాట. మరిచిపోయి కట్టుకుంటూ ఉంటే ఇంత మండేది కాదు. నా మిద్దె అది కట్టుకుని, నన్ను చుట్టంగా ఎక్కి చూసి పొమ్మంటుంది. మాలకొండమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపలేదు. నూకలు ఒకపక్కకూ, మట్టిబెడ్డలు ఒకపక్కకూ పోతున్నాయి.

ఆ పూట పద్మనాభయ్య పులుసు గిన్నె వేలితో తుడిచి నాకాడు. “ఏమన్నా అను, రాఘవమ్మ చేతి పులుసే పులుసు,” అన్నాడు.

మాలకొండమ్మ ఉత్త మజ్జిగ పోసుకుని తిని లేచింది.

*

పంచాయతీ అంటే బడి పక్కన ఒక వరండా, ఒక బల్ల, గోడకు ఎత్తుగా పెట్టిన రేడియో. పొద్దుగూకితే రేడియో వినడానికి ఊరంతా వస్తుంది. మీటింగుకు మెంబర్లే. ఆడవాళ్లకు ఒక సీటు ఉండి తీరాలని పైనుంచి ఉత్తరువు వచ్చినప్పుడు, పెద్దింటి కోడలని చెప్పి మాలకొండమ్మ పేరు రాసేశారు. ఆమె కుర్చీ బల్లకు చివర ఉంటుంది. ఆమె రానంతసేపూ మగవాళ్లు దానిమీద తుండుగుడ్డలు వేసుకుంటారు. ఆమె మెట్టెక్కేసరికి ఎవరి గుడ్డ వాళ్లు తీసి భుజాన వేసుకుంటారు. అందరూ చెయ్యెత్తినప్పుడు చెయ్యెత్తడం ఒక్కటే ఇప్పటిదాకా ఆమె చేసిన పని.

ప్రెసిడెంటు జయరామయ్య అర్జీ చదివి పక్కన పెట్టాడు. “చెంచురామయ్య మిద్దె. సొంత జాగా. తగాదా లేదు. ఏమంటారు?”

“అనేదానికేముంది?” అన్నాడు గంగులయ్య. “ఊళ్లో ఒక మిద్దె లేస్తే ఊరికే అందం.”

మిద్దెకు ముందుపక్క వచ్చే గదిలోకి తన కొట్టు మార్చుకోవాలని గంగులయ్య అప్పుడే మాట తీసుకున్నాడని తెలియనివాళ్లు లేరు. జయరామయ్యకు కాలవగట్టున ఇటుకల బట్టీ ఉంది. రాఘవమ్మ కొట్టి చూసిన ఇటుకలు ఆ బట్టీవే. ఇక మిగిలింది ఊరి బయటి పాళెం తరఫు మెంబరు అబ్రహాము. పెద్ద రైతులకు చేలల్లోనే ఎవరి కల్లం వాళ్లకుంది. ఉమ్మడి కల్లంలో నూర్చుకునేది ఎక్కువగా పాళెం వాళ్లే. అయితే అబ్రహాము కౌలుకు దున్నేది చెంచురామయ్య చేను. అతను తల వంచుకుని కాలి బొటనవేలితో నేలమీద గీస్తూ కూర్చున్నాడు.

మూడు చేతులు లేచాయి. మాలకొండమ్మ చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

“ఏమ్మా?” అన్నాడు జయరామయ్య.

“ఆడ మిద్దె లేస్తే కల్లానికి గాలి రాదు.”

ఆలోచించి అన్న మాట కాదది. కొట్టాలని ఉన్నవాడికి చేతికి దొరికిందే కర్ర. గాలి వస్తుందో రాదో ఆమె ఎప్పుడూ చూసింది లేదు.

గంగులయ్య చుట్ట తీసి, “గాలి ఆగేది కల్లంలోనా వదినా, కడుపులోనా?” అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదన్నట్టు అబ్రహాము కూడా నవ్వాడు. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. ఇక్కడ తోడికోడలు ఎదురుగా లేదు. అయినా ఆ మగవాళ్ల నవ్వులన్నిటిలోనూ మాలకొండమ్మకు రాఘవమ్మ నవ్వే వినిపించింది.

“నవ్వులాట సరే,” అన్నాడు జయరామయ్య. “మెంబరు కాదన్నాక చూడకుండా రాస్తే రేపు మాట వస్తాది. ఎల్లుండి మాపటేల జాగా కాడ్నే కూర్చుందాం. ఒక చూపు చూసి రాసేద్దాం.”

ఇంటికి వచ్చేసరికి సంగతి పద్మనాభయ్య చెవిన పడనే పడింది. ఎడ్లకు గడ్డి వేస్తూ, ఆమెవైపు తిరక్కుండానే అన్నాడు: “నిన్నా కుర్చీలో కూర్చోబెట్టింది మనింటి పరువుకి. మనోళ్ల మిందే కత్తి నూరేదానికి గాదు.”

*

మర్నాడు ఎండ పడమటికి వాలగానే మాలకొండమ్మ దడి దాటి కల్లంలోకి వెళ్లింది. ఒక రుజువు కావాలి. రేపు గంగులయ్య మొహాన కొట్టడానికి ఏదైనా దొరకాలి.

కల్లం పేడతో నున్నగా అలికి ఉంది. ఎడ్ల బంతి తిప్పి తొక్కించిన వడ్లు కుప్పగా పోసి ఉన్నాయి. అబ్రహాము పెండ్లాం నవోమి ముక్కాలిపీట ఎక్కి, తట్ట నెత్తికి ఎత్తి వడ్లు జారవిడుస్తోంది. మగవాళ్లు కోతల్లో ఉంటే ఆమే పీట ఎక్కుతుంది. కింద ఆమె ఆడబిడ్డ తట్టలు నింపి అందిస్తోంది. మాఘమాసంలో మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి లేస్తుంది. ఆ గాలికి గింజ కాళ్ల దగ్గర పడాలి, తాలూ పొట్టూ పడమటికి ఎగిరిపోవాలి. ఏటా ఆ పొట్టు దడి సందుల్లోంచి వచ్చి దొడ్లో పడితే, మాలకొండమ్మ సాయంత్రం పూట తిట్టుకుంటూ ఊడుస్తుంది.

ఇటుకలు దిగినప్పటి నుంచి ఊడ్చిన గుర్తు లేదు. ఆ సంగతి ఆమెకు అక్కడ నిలబడ్డాకే తట్టింది.

నవోమి తట్ట వంచింది. వడ్లూ పొట్టూ కలిసి కిందకి వచ్చాయి. పొట్టు కొంచెం ఊగి, ఎటు పోవాలో తోచనట్టు తిరిగి, గింజ మీదే కూర్చుంది. తూర్పున ఇటుకల వరస ఇద్దరు మనుషుల ఎత్తున పేర్చి ఉంది. దాని పక్కన సున్నపు గానుగకు నీడ కోసం కట్టిన తాటాకు తడిక. గాలి వాటి నెత్తిమీదుగా పోతోంది. పైన మునగకొమ్మలు ఊగుతున్నాయి, కల్లంలో కొంగు కూడా కదలడం లేదు.

మాలకొండమ్మ గుండెలో చల్లగా ఏదో పోసినట్టయింది. నిజమే. తాను ఉక్రోషానికి అన్నది అచ్చంగా నిజం. ఇటుకల వరసకే ఇట్లా ఉంటే, మిద్దె లేచి, మిద్దె మీద గది లేస్తే కల్లం మూకుడు మూసిన కుండే. రాఘవమ్మ మొహం ఎట్లా వాడిపోతుందో కళ్లకు కట్టింది. పెదవి మీదికి వచ్చిన నవ్వును కొంగుతో తుడుచుకుంది.

నవోమి పీట దిగింది. కుప్పను చీపురుతో పైపైన విసిరి, మళ్లీ తట్టకెత్తి, మళ్లీ పీట ఎక్కింది. నెత్తిమీద తట్ట ఒకవైపు ఒరిగితే ఆడబిడ్డ కింద నుంచి పట్టుకుంది.

“ఇది ఎన్నోసారి మే?” అంది మాలకొండమ్మ.

“ఏమోమ్మా. నిన్నటి వడ్లే ఇయ్యి. నిన్న ఒకదపా ఎత్తిపోసినాం, తాలు పోలా. తాలుంటే కాటా కాడ ఒప్పుకోరు గదా.”

“మీ ఆయన ఎందుకు చెప్పడు? నిన్న మీటింగులో నోట్లో మన్ను పోసుకున్నట్టు కూర్చున్నాడు.”

నవోమి తట్ట దించి నడుం మీద పెట్టుకుంది. “చెప్పి యాడికి పోతాడమ్మా? చేను చెంచురామయ్య గారిది. నోరు తెరిస్తే వచ్చే పైరుకి ఇంకొకరి నాగలి దిగతాది.”

“ఆయన చెప్పకపోతే మానె. రేపు నేను చెప్తా గదా. నా కంటితో చూసినా.”

నవోమి చీర కొంగుతో మెడమీద పొట్టు దులుపుకుంది. అది చెమటకు అతుక్కుపోయి రాలేదు.

“నువ్వు చెప్పొద్దమ్మా,” అంది.

“ఏంది?”

“కోపం చేసుకోబాక. నీకూ ఆ యమ్మకీ పడదని ఊరంతా తెలుసు. నువ్వు ఎండ కాస్తా ఉందన్నా వానే అనుకుని గొడుగేసుకుంటారు. నువ్వు చెప్తే మా గాలి గూడా నీ కుళ్లులో కలిసిపోద్ది. ఊరుకుంటే ఏ పుణ్యాత్ముడన్నా చూసి అడగతాడేమో.”

అంతమాట తన మొహం మీద అన్నవాళ్లు లేరు. మాలకొండమ్మ చెయ్యి పైకి లేవబోయింది. లేచిన చేతికి ఏం చేయాలో తోచక నవోమి నెత్తిమీది చుట్టగుడ్డ సర్ది కిందకి దిగింది.

దడి దాటి ఇంట్లోకి వచ్చి, వంటింట్లో కూర్చుని, పొయ్యి రాజెయ్యడం మరిచిపోయింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్న నోళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. జయరామయ్య నోటికి ఇటుక అడ్డం. గంగులయ్య నోటికి కొట్టు. అబ్రహాము నోటికి నాగలి. తెరుచుకున్న నోరు తనదొక్కటే. ఆ నోట్లోంచి వచ్చేది ఎవరికీ పనికిరాదు.

*

దీపాలు పెట్టే వేళకు రాఘవమ్మ వచ్చింది. ఈసారి చేతిలో గిన్నె లేదు. గుమ్మం లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చుంది. ఆ అరుగు మీద సాయంత్రాలు సముద్రపు గాలి తగులుతుంది. రాఘవమ్మ ముంగురులు ఎగురుతుంటే చెవి వెనక్కి దోపుకుంది.

“ఒక మాట అడగాలని వచ్చినానక్కా. మనసులో పెట్టుకోలేక.”

“అడుగు.”

“ఆ గాలి సంగతి నిజమా? లేకుంటే నా మిందేనా?”

మాలకొండమ్మ దీపం వత్తి పైకి లాగింది. ఎక్కువైంది. కిందకి దించింది. అబద్ధం చెప్పాలంటే నోటినిండా ఉంది. ‘నీ మీద నాకేం ఉంటాది’ అంటే సరిపోతుంది.

“రెండూ,” అంది.

రాఘవమ్మ తలెత్తి చూసింది. ఆమె ఇది అనుకోలేదు. గోరుతో అరుగు పెచ్చు గీకింది.

“నేనేం చేసినానక్కా నిన్ను?”

“ఏం చెయ్యలా. అదే.”

“మరి ఎట్ట నమ్మేది నేను? నా మింద మంట లేదంటే నమ్ముదును. ఉందంటివి. ఉన్న దానివి ఇంకా గాలి గూడా నిజమే అంటే?” రాఘవమ్మ మెడలో పసుపుతాడు బయటికి లాగి చూపించింది. “పుస్తెల గుండ్లు తీసిచ్చినా ఆ ఇటుకలకి. ఇప్పుడు వద్దంటే యాడ కట్టుకునేది? నీకేం పోతాది, వద్దు అనేదానికి? పోయేది లేని మాట ఎవురైనా చెప్తారు. నీకు పోయేది ఏందో చెప్పు, అప్పుడు నమ్ముతా.”

లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయింది. కల్లం మీదుగా పోకుండా చుట్టు తిరిగి వీధి వెంబడి పోయింది.

మాలకొండమ్మ ఆమె కూర్చున్న చోటే కూర్చుంది. అరుగు ఇంకా వెచ్చగా ఉంది. ఎదురుగా దొడ్డి, మునగచెట్లు, దడి, దడి అవతల కల్లం, ఆపైన చీకటి పడుతున్న ఇటుకల వరస. చెమట పట్టిన మెడకు గాలి తగిలింది. ఈ గాలి ఇటుకల మీదుగా దూకి నేరుగా తన అరుగు మీదికి వస్తోంది. కల్లానికి దిగనిది తనకు వస్తోంది.

చాలాసేపు దొడ్డివైపు చూసింది. అన్నం పెట్టమని మొగుడు రెండుసార్లు పిలిచాడు.

*

జాగా దగ్గర మీటింగంటే ఊళ్లో పనిలేని వాళ్లంతా వచ్చారు. పనున్నవాళ్లు కూడా వచ్చారు. వెట్టివాడు మెంబర్ల కుర్చీలు మోసుకొచ్చి కల్లం అంచున వేశాడు. చెంచురామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి హజరత్తయ్య చెవిలో పెన్సిలు, చేతిలో తాడుచుట్ట పట్టుకుని, ఎప్పుడు సరేనంటారా అని చూస్తున్నాడు. రాఘవమ్మ ఇటుకల నీడలో ఉంది.

మాలకొండమ్మ వచ్చి తన కుర్చీ వెనక నిలబడింది. కూర్చోలేదు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఒకసారి తడిమింది.

“నేనీ పొద్దు మెంబరుగా కూర్చోను పెద్దయ్యా,” అంది జయరామయ్యతో. “నా తోడికోడలి సంగతి ఇది. నా మనసు మంచిగా లేదు. నేను చెయ్యెత్తినా తప్పే, దించినా తప్పే.”

గంగులయ్య నోరు తెరిచాడు. వెనక నుంచి ఎవరో “ఉండబ్బా” అన్నారు.

“నేను దిగినా. దిగాల్సినోళ్లు ఇంకెవురన్నా ఉంటే వాళ్ల ఇష్టం.”

ఆ మాట ఎవర్నీ చూడకుండా అంది. జయరామయ్య కండువాతో మొహం తుడుచుకుని, ఇటుకలవైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. మాలకొండమ్మ కుర్చీ వదిలి, కల్లంలో నడిచి, పాళెం ఆడవాళ్లు నిలబడ్డ చోటికి పోయి నవోమి పక్కన నిలబడింది.

“ఒక తట్ట ఈడ ఎత్తిపొయ్యి మే. ఒకటి ఆ ఉత్తరం కొసన పొయ్యి, ఇటుకలు అడ్డం లేని కాడ.”

నవోమి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పీట ఎక్కింది. మొదటి తట్ట పొట్టుతో సహా కాళ్ల దగ్గరే పడింది. పీట తీసుకుని ఉత్తరం కొసకు పోయి రెండో తట్ట వంచింది. పొట్టు పచ్చటి పొగలాగా లేచి, దడి మీదుగా మాలకొండమ్మ దొడ్లోకి పోయింది. గింజ గింజగా పడింది.

“ఇటుకలు ఎత్తేస్తే గాలి అదే వస్తాది గదా,” అన్నాడు గంగులయ్య.

“ఎత్తి ఏం చేస్తారన్నా? మిద్దె కడతారు,” అంది నవోమి పీట మీద నుంచే.

ఈసారి నవ్వు ఇటువైపు నుంచి వచ్చింది. అబ్రహాము కుర్చీలో కదిలాడు. చెంచురామయ్యను చూశాడు. మళ్లీ మాలకొండమ్మ వదిలేసిన ఖాళీ కుర్చీని చూశాడు.

“రాదు,” అన్నాడు. “మిద్దె లేస్తే గాలి రాదు. నాకు మొదుట్నించీ తెలుసు. చెంచురామయ్యా, నువ్వు నా చేను తీసేసుకున్నా సరే, ఇది మాత్రం రాదు.”

“నేనెప్పుడు తీస్తానన్నా రా నీ చేను?” అన్నాడు చెంచురామయ్య చిరాగ్గా. “కానీ నేను యాడ కట్టుకోవాలి? ఆకాశంలోనా? అది చెప్పండి ముందు.”

సున్నపు గానుగ ఎద్దు ఒకసారి చెవులు విదిలించింది.

“నా దొడ్లో,” అంది మాలకొండమ్మ.

పద్మనాభయ్య గుంపులోంచి తల ముందుకు పెట్టాడు. “ఏమే?”

“నా పేరున ఉండేదే గదా. అది వాళ్లు తీసుకోనీ. ఈ తూర్పు జాగా నాకియ్యనీ. గజానికి గజం. నేనీడ వంకాయలు పెట్టుకుంటా. మిద్దె పడమట లేస్తే కల్లానికి అడ్డం లేదు.”

హజరత్తయ్య తాడుచుట్ట చంకలో పెట్టుకుని దడిదాకా నడిచి చూసి వచ్చాడు. పని విషయంలో దాపరికం తెలియని మనిషి. “కట్టొచ్చు. నేల గట్టిదే. కానీ అమ్మా, మిద్దె ఆడ లేస్తే నీ ఇంటికి గాలి పోద్ది. నీ అరుగు మింద ఆకు గూడా అల్లాడదు.”

“కల్లానికి వస్తాది గదా,” అంది మాలకొండమ్మ.

“పొట్టు కూడా అంతా ఆ మిద్దె మిందే పడతాది,” అని రాఘవమ్మవైపు తిరిగి చెప్పింది. “ముందే చెప్తా ఉండా. రేపు దాచిపెట్టిందనబాక. నూర్పిళ్ల నెల ఊడ్చుకోలేక చస్తావు.”

రాఘవమ్మ ఇటుకల నీడలోంచి ఎండలోకి వచ్చింది. “నీ మిద్దె దొడ్డి గదక్కా అది?” అంది మెల్లిగా. ఆ దొడ్డి ఎందుకు ఉంచుకున్నదో ఆ గుంపులో తెలిసింది ఆమెకు ఒక్కదానికే.

“పోయేది ఏందో చెప్పమంటివి,” అంది మాలకొండమ్మ.

చెంచురామయ్య సరేనని తలూపాడు. జాగాలు మార్చుకున్నట్టూ, కల్లానికి తూర్పున మనిషి ఎత్తుకు మించి ఎవరూ ఏదీ కట్టకూడదనీ రాసుకున్నారు. చేతులెత్తమన్నాడు జయరామయ్య. ఎత్తమన్నవాడు తన చెయ్యి ఒళ్లోనే ఉంచుకున్నాడు. గంగులయ్య అది చూసి, సగం ఎత్తిన చెయ్యి దించలేక ఎత్తలేక, చివరికి పైకే ఎత్తాడు. మాలకొండమ్మ ఆడవాళ్ల మధ్య నిలబడే ఉంది. ఆమె కుర్చీ మీద ఎవరూ గుడ్డ వెయ్యలేదు.

*

మంచిరోజు చూసి ముగ్గు పోశారు. గేదెల పాక పీకేశారు. మునగచెట్లలో ఒకటి కొట్టేశారు, ఒకటి ఉంచారు. పద్మనాభయ్య ఆ రోజు పని ఉందని మనుబోలు పోయాడు. ఇటుకలన్నీ కల్లం దాటించి దొడ్లోకి మోస్తుంటే, వరస కరిగినకొద్దీ కల్లంలోకి గాలి కొంచెం కొంచెంగా దిగింది. పీట మీద నవోమి ఆడబిడ్డతో ఏదో అంటూ గట్టిగా నవ్వింది.

“అక్కా, ఈ కొస పట్టుకో,” అంది రాఘవమ్మ. “హజరత్తయ్య అవతల మేకు కొడతాడంట. ఇంకెవురూ లేరు.”

మాలకొండమ్మ తాడు కొస అందుకుంది. మిద్దె ముందుగోడ వచ్చే చోట, వాకిలి వచ్చే చోట నిలబడింది. ఇన్నేళ్లుగా ఈ దొడ్లో తిరిగింది గానీ పాకకు అవతల, ఈ మూల, ఇట్లా తూర్పుకు మొహం పెట్టి ఎన్నడూ నిలబడలేదు.

ఎదురుగా కల్లం చదునుగా ఉంది. దాని అవతల తన కొత్త జాగా, ఉత్త నేల. దాని అవతల చేలు, చేల అవతల సరుగుడు తోపు, తోపు మధ్య తెగిన చోట, సన్నగా, నీలంగా, సముద్రం. నేలమీద నుంచే కనిపిస్తోంది. పైన గదిలో నిలబడితే ఎట్లా ఉంటుంది? దానికి అడ్డంగా ఎవరూ ఎప్పటికీ ఏదీ కట్టలేరు. కట్టకూడదని తన మాట మీదే రాసుకున్నారు. ఊళ్లో గాలంతా ముందు ఈ వాకిట్లోకే వస్తుంది. రాఘవమ్మ ఎంచుకున్న జాగాలో ఇంత ఉండేది కాదు. అక్కడ వెనక కల్లం దుమ్ము, ముందు రేపు ఎవరో కట్టే గోడ. ఊళ్లోకెల్లా మంచి చోటు వెతికి, తన చేతులతో తీసి, తన తోడికోడలికి పెట్టింది.

కడుపులో పాత మంట గుప్పుమంది. ఆరలేదు. ఆరుతుందని తాను అనుకున్నదేమో, అదీ తెలియలేదు.

పక్కన రాఘవమ్మ కూడా చూసింది. చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అక్కా,” అంది, “నీళ్లు కనపడతా ఉండాయి.”

మాలకొండమ్మ చేతిలో తాడు జారింది.

“తాడు వదులైందమ్మా,” అవతలి మూల నుంచి కేకేశాడు హజరత్తయ్య. “గోడ వంకర పోద్ది. బిగిచ్చి పట్టుకో.”

కల్లం మీద నవోమి తట్ట వంచింది. గాలి వచ్చింది. పొట్టు ఎగిరొచ్చి మాలకొండమ్మ జుట్టులో, కనురెప్పల మీద, నోటి చివర పడింది. చేతులు ఖాళీ లేక ఊదుకుంది. తాడును అరచేతి చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఇంకో చుట్టు తిప్పి, పీచు చర్మంలోకి దిగేంత గట్టిగా లాగి పట్టుకుంది.

“ఇప్పుడు కొట్టు,” అంది.